ఎండ్రకాయ బొరియ

నరసరావుపేటలో కోటప్పకొండ రోడ్డు మీద, ఎరువుల కొట్టు పైనున్న మేడగదిలో ఒక చిన్న కంపెనీ ఉండేది. మనుషులు ముగ్గురే. డబ్బు పెట్టిన యజమాని, మాచర్ల నుంచి వచ్చిన కుర్రాడు, గురజాల దగ్గరి పల్లె నుంచి వచ్చిన అమ్మాయి. కుర్రాడిది చురుకైన బుర్ర. ఎదుటివాడు ప్రశ్న పూర్తిచేసేలోపే జవాబు అందుకునేవాడు. అమ్మాయిది నిదానం. జవాబు తెలిసినా మరోసారి చూసుకున్నాకే నోరు విప్పేది. సహజంగానే యజమానికి కుర్రాడి మీద గురి ఎక్కువ.

వాళ్లు తయారుచేసిన యాప్ మిర్చి కాటాల కోసం. పల్నాడులో సంక్రాంతి దాటితే కాయ కోతలు జోరందుకుంటాయి. కోసిన కాయను కల్లాల్లో ఆరబోసి, తాలు ఏరి, గోతాల్లో తొక్కి టిక్కీలు కడతారు. టిక్కీ నలభై కిలోల పైచిలుకు తూగుతుంది. సరుకు గుంటూరు యార్డుకు వెళ్లినా, కోల్డ్ స్టోరేజీకి వెళ్లినా, కల్లం దగ్గరే చేయి మారినా, కాటా చీటీ మీద అంకెల దగ్గరే తగాదా మొదలవుతుంది. ఒకరి ఏడు ఇంకొకరికి ఒకటిలా కనిపిస్తుంది. చీటీ చెమటకు నానిపోతుంది. ఆ తగాదా తీర్చడానికే ఈ యాప్. టిక్కీని కాటా మీద పెట్టగానే బరువు ఫోనులో కొడతారు. అది ముందు ఫోనులో నిలిచి, తర్వాత సర్వరుకు వెళ్తుంది. రైతుకూ వ్యాపారికీ ఒకే లెక్క కనిపిస్తుంది.

మొదటి పది రోజులూ పని సాఫీగా సాగింది. తర్వాత ఒక వ్యాపారి నుంచి ఫోను వచ్చింది.

“లారీకి ఎక్కించింది అరవై టిక్కీలు. మీ యాప్ అరవై రెండంటంది. లేని రెంటికి నేను డబ్బు కట్టాలా?”

యజమాని కుర్రాడి వైపు తిరిగి, “ఎంతసేపట్లో సరిచేస్తావు?” అన్నాడు. ఎందుకు వచ్చిందని అడగలేదు.

కుర్రాడు జాబితా తెరిచాడు. రెండు చోట్ల ఒకే బరువు వెంటవెంటనే రెండేసి సార్లు పడి ఉంది.

“తెలిసిపోయింది. ఎవరో బటను రెండుసార్లు నొక్కారు. వరసగా ఒకే బరువు వస్తే రెండోది తీసేస్తే సరిపోద్ది.”

“నొక్కడం నువ్వు చూశావా?” అంది అమ్మాయి.

“చూడాలా అక్కా? ఇంకేం అయ్యుంటది?”

గంటలో పని ముగించాడు. పనిలో పనిగా కోడంతా చదివి, అనుమానం తగిలిన ప్రతిచోటా ఒక మార్పు చేశాడు. మొత్తం పదకొండు మార్పులు. తన ల్యాప్‌టాప్‌లో ఒకసారి నడిపి చూశాడు. మూడు టిక్కీలు కొడితే మూడే కనిపించాయి. ఆ సాయంత్రమే రైతులు వాడే అసలు సర్వరులో పెట్టేశాడు. యజమాని మెచ్చుకుని బిర్యానీ తెప్పించాడు.

వారం తిరగకముందే ఒక పెద్దాయన మెట్లెక్కి వచ్చాడు. తలపాగా విప్పి మొహం తుడుచుకుని, జేబులోంచి పాత డైరీ తీసి బల్ల మీద పెట్టాడు.

“అబ్బాయ్, నేను తూచింది నలభై టిక్కీలు. ఇదిగో, ఒక్కొక్కటీ రాసుకున్నా. మీ ఫోను ముప్పై ఏడంటంది. మూడు టిక్కీలు ఎవరు తిన్నారు నాయనా?”

అమ్మాయి డైరీ పక్కన పెట్టుకుని ఒక్కో అంకె పోల్చింది. ఆ కాటా అరకిలోకి అరకిలో చూపించే రకం. నలభై టిక్కీల్లో మూడుచోట్ల పక్కపక్క టిక్కీలు నిజంగానే ఒకే బరువు తూగాయి. కుర్రాడు రాసిన ఆజ్ఞ వాటిని దొంగలెక్కలనుకుని తుడిచేసింది. మొదట వ్యాపారి నెత్తిన పడ్డ నష్టం ఇప్పుడు రైతు నెత్తిన పడింది. తప్పు ఎక్కడికీ పోలేదు, బాధపడే మనిషి మారాడంతే.

పెద్దాయన ఫోనులో మొదటి లెక్క చెక్కుచెదరకుండా ఉంది కాబట్టి ఆ మూడు టిక్కీలూ ఆయనకు దక్కాయి. యజమాని కుర్రాడి మార్పుల్ని వెనక్కి తీయించాడు.

“శివరాత్రి తిరునాళ్ల లోపల తేల్చండి. అప్పటిదాకా కల్లాల దగ్గర కాయితం మీద కూడా రాయించండి. తేలకపోతే యాప్ ఆపేద్దాం.”

ఆ ఆదివారం అమ్మాయి ల్యాప్‌టాప్, ఒక పాత ఫోను సంచిలో వేసుకుని ఊరికి వెళ్లింది. మాచర్ల వెళ్లే దారేనని కుర్రాడూ బండి మీద దిగాడు. అరుగు మీద ఇద్దరూ పని మొదలుపెట్టారు. వాళ్లకెదురుగా నులకమంచం మీద అమ్మాయి తాత కూర్చున్నాడు.

ఆయన నాగార్జునసాగర్ ప్రాజెక్టు కాలువ మీద లష్కరుగా చేసి రిటైరైన మనిషి. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేసిన మరుసటి ఏడాది పుట్టాడు. 1967లో కాలువలకు నీళ్లు వదిలినప్పుడు గట్టున నిలబడి కేరింతలు కొట్టిన పిల్లల్లో ఒకడు. కుడి కాలువకు జవహర్ కాలువని పేరు. 203 కిలోమీటర్ల పొడవు, 11,000 క్యూసెక్కుల ప్రవాహానికి కట్టిన కాలువ. అంత పెద్ద కాలువ లెక్క ఇంజనీర్లది. దాని నుంచి చీలిన మేజరు, మేజరు నుంచి చీలిన మైనరు, మైనరు చివర నలుగురు రైతుల చేలకు పోయే పిల్లకాలువ, ఆ చివరి లెక్క లష్కరుది. చివరి మడికి నీళ్లు అందకపోతే తిట్లు తినేది ఆయనే.

అమ్మాయి ఫోను సెట్టింగుల్లోకి వెళ్లి, బిల్డ్ నంబర్ అన్న చోట గబగబా ఏడుసార్లు వేలితో కొట్టింది. తాత వంగి చూశాడు.

“ఏందమ్మాయ్, అట్టా పొడుస్తన్నావు?”

“ఇట్టా ఏడుసార్లు కొడితే గానీ డెవలపర్ ఆప్షన్లు తెరుచుకోవు తాతా. అందులో యూఎస్‌బీ డీబగ్గింగ్ అని ఒకటుంటది. అది ఆన్ చేసి ఫోన్ని ల్యాప్‌టాప్‌కి తగిలిస్తే, యాప్ నడుస్తన్నప్పుడు దాని లోపల ఏం జరుగుతుందో కనపడుద్ది.”

“నడుస్తన్నప్పుడే కనపడుద్దా?” తాత ముందుకు జరిగి కూర్చున్నాడు. “ఆగినాక కాదు గదా?”

“నడుస్తన్నప్పుడే.”

“అయితే సరైన పనే. ఏందీ జబ్బు?”

కుర్రాడు అందుకున్నాడు. “టిక్కీ ఒకటి కొడితే ఒక్కోసారి రెండు పడతన్నాయి తాతా. కోడు మొత్తం మూడుసార్లు చదివా. అనుమానం ఉన్న చోటల్లా బాగుచేశా.”

“ఎన్ని చోట్ల?”

“పదకొండు.”

“అందులో అసలుది ఏది?”

కుర్రాడు మాట్లాడలేదు.

తాత చుట్ట వెలిగించుకున్నాడు. “నేను కొత్తగా డ్యూటీలో చేరినప్పుడు సంగతి. మా మైనరు చివర మూడెకరాల రైతు రోజూ వచ్చి ఏడ్చేవాడు, నీళ్లు రావట్లేదని. అది మట్టి కాలవ, నల్లరేగడి నేల. వేసవిలో కాలవ కట్టేసినాక పైవాళ్లు వచ్చి చూశారు. ఎండిన రేగడి ఎట్టా ఉంటదో తెలుసుగా, చెయ్యి దూరేంత పగుళ్లు. ఇవే నీళ్లు తాగేస్తన్నయ్యని ఒక్క పగులూ వదలకుండా మట్టి కొట్టించారు. కూలీ డబ్బులు అయిపోయినయ్. మళ్లీ నీళ్లు వదిలారు. చివరి మడికి మళ్లా రాలా.”

“ఎందుకని?”

“రేగడి పగులు తడి తగిలితే ఉబ్బి దానంతటదే మూసుకుంటది. మట్టి కొట్టినా కొట్టకపోయినా ఒకటే. ఎండిన కాలవలో ప్రతి పగులూ దొంగలాగే కనపడుద్దిరా అబ్బాయ్. నీళ్లు పారేటప్పుడు చూస్తేనే ఏది తాగుతుందో తెలిసేది.”

“మరి నువ్వెట్టా పట్టావు?” అంది అమ్మాయి. ఆ కథ చిన్నప్పటి నుంచి విన్నదే అయినా అడిగింది.

“నీళ్లు పారతన్నప్పుడు కర్ర తీసుకుని బయల్దేరా. మొదటి నుంచి చివరిదాకా అడుగడుగూ వెతకలా. సరిగ్గా సగం దూరాన తూము దగ్గర లోతు చూశా. నీళ్లు నిండుగా ఉన్నయ్. అంటే పై సగంలో తప్పులేదు, దాన్ని మర్చిపోవచ్చు. మిగిలిన సగంలో మళ్లీ సగానికి పోయా. అక్కడ తగ్గింది. అంటే ఈ రెంటి మధ్యే ఎక్కడో. ఇంకో నాలుగుసార్లు సగం చేసేటప్పటికి ఇరవై గజాలు మిగిలింది. గట్టు దిగి వెనకపక్క చూశా. అంతటా ఎండిపోయిన గడ్డి, ఒక్కచోట మాత్రం పచ్చటి తుంగ. తుంగ పీకితే కింద ఎండ్రకాయ బొరియ. పైనుంచి చూస్తే ఏమీ కనపడదు. ఒక్క బొరియ పూడిస్తే మూడెకరాలూ తడిసినయ్.”

కుర్రాడు ల్యాప్‌టాప్ వైపు చూశాడు. అతను చదివిన కోడు ఎండిన కాలువ. చేసిన మార్పులు పదకొండు పగుళ్లు.

“సరే అక్కా, పారిద్దాం,” అన్నాడు.

అసలు సర్వరు జోలికి పోలేదు. దాని నమూనా ఒకటి ల్యాప్‌టాప్‌లోనే నడిపారు. అదే ల్యాప్‌టాప్‌లో ఆండ్రాయిడ్ స్టూడియో తెరిచి ఎమ్యులేటర్ అనే నకిలీ ఫోన్ని లేపారు. ఆ నకిలీ ఫోనుకు తనున్న ల్యాప్‌టాప్ చిరునామా 10.0.2.2 అని కనిపిస్తుంది. యాప్‌కు ఆ చిరునామా ఇచ్చారు. రైతుల పేర్లూ ఫోను నంబర్లూ లేని ఉత్తుత్తి లెక్కలు ఎక్కించారు. ఇక్కడ వెయ్యి టిక్కీలు మాయమైనా ఎవరి కడుపూ కాలదు.

నకిలీ ఫోనులో ఇరవై టిక్కీలు కొట్టారు. ఇరవై పడ్డాయి. బటను కావాలని రెండుసార్లు నొక్కారు. అయినా ఒకటే పడింది, ఎందుకంటే నొక్కగానే బటను మూగబోయేలా ముందే రాసి ఉంది. కుర్రాడి మొదటి అనుమానం అక్కడితో చచ్చింది. ఎమ్యులేటర్‌లో నెట్‌వర్కును నెమ్మది చేయవచ్చు. ఎడ్జ్ అనే పాతకాలపు వేగానికి దించారు. ఆలస్యంగా చేరాయి గానీ లెక్క తప్పలేదు.

“ఇక్కడ రావట్లేదక్కా,” అన్నాడు కుర్రాడు.

“సగానికి పోదాం,” అంది అమ్మాయి.

బటను నొక్కిన దగ్గర నుంచి మొత్తం కనిపించేదాకా లెక్క నడిచే దారిని కాగితం మీద గీసింది. బటను, ఫోనులో భద్రం చేసే చోటు, పంపే చోటు, సర్వరు అందుకునే చోటు, అక్కడ రాసుకునే చోటు, కూడిక. సరిగ్గా మధ్యలో ఆగి, వ్యాపారి ఫిర్యాదు చేసిన రోజు నాటి లెక్కలు తీసింది. ఫోనులో భద్రమైన టిక్కీలు అరవై. సర్వరుకు అందినవి అరవై రెండు. అంటే మొదటి సగంలో తప్పులేదు. ఫోనుకూ సర్వరుకూ మధ్య ఎక్కడో.

సర్వరు అందుకున్న సమయాలు చూసింది. జంటగా పడ్డ ప్రతి టిక్కీకీ ముందొకటి, పది సెకన్ల పైచిలుకు తర్వాత ఇంకొకటి.

“చేతితో రెండుసార్లు నొక్కితే పది సెకన్ల తేడా రాదు, అదీ ప్రతిసారీ,” అంది.

అప్పుడు సర్వరు కోడులో, లెక్క రాసేసి జవాబు పంపబోయే గీత మీద బ్రేక్‌పాయింట్ పెట్టారు. బ్రేక్‌పాయింట్ పెడితే నడుస్తున్న ప్రోగ్రాం ఆ గీత దగ్గరికి రాగానే ఆగుతుంది. చంపినట్టు కాదు, ఊపిరి బిగబట్టినట్టు ఆగుతుంది. ఆ క్షణాన దాని చేతిలో ఏ విలువలున్నాయో తీరిగ్గా చూసుకుని, మళ్లీ ముందుకు పొమ్మనవచ్చు. టిక్కీ ఒకటి కొట్టారు. సర్వరు ఆగింది. అంతలో లోపల్నుంచి నాయనమ్మ టీ తాగమని పిలిచింది. తాగి వచ్చి, సర్వర్ని కదిలించారు. తెరమీద ఒకే టిక్కీ రెండుసార్లు పడి ఉంది.

కుర్రాడు ఎగిరి గంతేయబోయి ఆగాడు. “ఇది లెక్కలోకి రాదేమో. మనం ఆపి కూర్చోబట్టే గదా వచ్చింది?”

తాత నవ్వాడు. “మంచి అనుమానమే. కాలవలో కర్ర పెడితే ఆ కర్ర వల్ల కూడా నీళ్లు కాస్త ఎగదంతయ్. కర్ర తీసేసి ఇంకో పద్ధతిలో చూడండి.”

బ్రేక్‌పాయింట్ తీసేశారు. దాని బదులు, సర్వరు లెక్క రాసుకున్నాక జవాబివ్వడానికి ఎనిమిది సెకన్లు ఆలస్యం చేసేలా నమూనాలో ఒక గీత రాశారు. టిక్కీ కొట్టారు. ఒకటే పడింది. ఇంకేదీ ముట్టుకోకుండా ఎనిమిదిని పన్నెండు చేశారు. రెండు పడ్డాయి. మళ్లీ ఎనిమిది చేశారు. ఒకటే. మళ్లీ పన్నెండు. రెండు. ఫోను నుంచి లెక్క పంపే పని వాళ్లు ఓకేహెచ్‌టీటీపీ అనే లైబ్రరీకి అప్పజెప్పారు. జవాబు కోసం అది మామూలుగా పది సెకన్లు చూసి విరమిస్తుంది. విరమించినప్పుడు మరొక్కసారి పంపమని చాలాకాలం కిందట ఈ ఇద్దరిలోనే ఒకరు రాసి ఉన్నారు.

బొరియ దొరికింది. కొండల చాటున ఉన్న కల్లాల్లో సిగ్నలు ఒక గీత ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. ఫోను పంపిన లెక్క సర్వరుకు చేరుతుంది, సర్వరు రాసుకుంటుంది. ‘అందింది’ అన్న జవాబు మాత్రం దారిలో ఆలస్యమవుతుంది. అందలేదేమోనని ఫోను మళ్లీ పంపుతుంది. కొత్త టిక్కీ కాబోలనుకుని సర్వరు మళ్లీ రాసుకుంటుంది. ఫోను చేసింది న్యాయమే, సర్వరు చేసిందీ న్యాయమే. రెండు న్యాయాల నడుమ ఒక టిక్కీ రెండయింది. ఎడ్జ్ వేగంలో తప్పు ఎందుకు కనిపించలేదో కూడా తేలిపోయింది. అక్కడ అంతా నెమ్మదించిందే గానీ, ఏ జవాబూ పది సెకన్లు దాటలేదు.

మందు చిన్నది. కాటా మీద పెట్టగానే ప్రతి టిక్కీకి ఫోనే ఒక సంఖ్య ఇవ్వాలి. ఆ సంఖ్య మరే టిక్కీకీ ఉండకూడదు. ఎన్నిసార్లు పంపినా అదే సంఖ్యతో పంపాలి. ఆ సంఖ్య ముందే రాసి ఉంటే సర్వరు కొత్తగా రాయకుండా ‘అందింది’ అని మాత్రం చెప్పాలి. బరువు ఒకటే అయినా సంఖ్యలు వేరైతే అవి రెండు టిక్కీలు. సంఖ్య ఒకటే అయితే వందసార్లు వచ్చినా అది ఒక టిక్కీయే.

కుర్రాడు నాలుగు గీతల్లో రాసేశాడు. ఈసారి బిర్యానీకి తొందరపడలేదు. పన్నెండు సెకన్ల ఆలస్యం అలాగే ఉంచి కొట్టాడు. ఒకటే పడింది. తన మార్పు తీసేసి కొట్టాడు. రెండు పడ్డాయి. మళ్లీ పెట్టి కొట్టాడు. ఒకటి. ఒకే బరువున్న టిక్కీలు వరసగా రెండు కొట్టాడు. రెండూ నిలిచాయి. లెక్క పంపుతుండగా ఫోన్ని విమానం మోడ్‌లో పెట్టాడు. పంపుతుండగా యాప్‌నే మూసేసి మళ్లీ తెరిచాడు. లెక్క తప్పలేదు.

సంచి సర్దబోతుంటే తాత అడిగాడు. “చూడ్డానికి అడ్డంపెట్టినవన్నీ తీశారా? కొలిచినాక కర్ర కాలవలో వదిలేస్తే చెత్త పట్టి నీళ్లాగిపోతయ్.”

ఆలస్యం చేసే గీత తీసేశారు. వివరాలన్నీ బయటికి వల్లించే లాగ్ గీతల్లో, రైతు ఫోను నంబరును పలికేది ఒకటుంది. దాన్నీ తీశారు. రైతులకిచ్చే కూర్పులో డీబగ్గర్ తగిలించే వీల్లేకుండా ఉందో లేదో చూసుకున్నారు. నరసరావుపేట తిరిగొచ్చాక ముందు ఒక్క కల్లానికి ఇచ్చారు. ఆ కల్లం కాగితమూ ఫోనూ ఒకే లెక్క చెప్పాకే మిగిలినవాళ్లకు వెళ్లింది. శివరాత్రికి కోటప్పకొండకు ప్రభలు కదిలేనాటికి కల్లాల్లో కాగితం అవసరం తీరిపోయింది.

ఆ తర్వాత ఎప్పుడు ఫిర్యాదు వచ్చినా యజమాని మొదటి ప్రశ్న మారింది. “ఎంతసేపట్లో సరిచేస్తారు?” అనడం మానేసి, “తప్పు జరుగుతుండగా చూశారా?” అని అడగడం మొదలుపెట్టాడు.

నీతి: తప్పును పారేటప్పుడు చూడాలి, సగాలు చేసుకుంటూ వెతకాలి, పంట పోని చోట పరీక్షించాలి. చూడకుండా చేసిన బాగు మరో తప్పుకు పుట్టిల్లు.

ఈ నీతిలో ఉన్నవి మూడు మాటలు. మూడింటికీ విడివిడిగా విలువుంది.

మొదటిది, చూడటం. తెలివైనవాళ్లే ఇక్కడ ఎక్కువగా దెబ్బతింటారు. తెలివి కారణాన్ని ఊహించగలదు, ఊహ నమ్మకంగా ధ్వనిస్తుంది, నమ్మకం చేతిని కదిలిస్తుంది. కుర్రాడి ఊహ వెర్రిది కాదు. జంటగా పడ్డ అంకెలు చూస్తే ఎవరికైనా అదే తోస్తుంది. లోపమల్లా ఆ ఊహను సాక్ష్యం అనుకోవడంలో ఉంది. 1947 సెప్టెంబరు 9న అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయంవారి మార్క్ 2 కంప్యూటరు మొరాయించినప్పుడు, దాన్ని నడిపేవాళ్లు 70వ నంబరు రిలేలో ఇరుక్కున్న రెక్కల పురుగును పట్టుకున్నారు. దాన్ని దులిపి పారేయలేదు. లాగ్‌బుక్కులో టేపుతో అతికించి, పక్కన సమయం 15.45 అని, ఏ ప్యానెల్, ఏ రిలే అని రాసిపెట్టారు. ఆ పుస్తకం ఇప్పటికీ స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది. ఏం చూశాం, ఎక్కడ చూశాం, ఎన్ని గంటలకు చూశాం అన్నది రాసి ఉంచితే, అదే సాక్ష్యం. మన కథలో కూడా గుట్టు విప్పింది ఎవరి మేధస్సూ కాదు, సర్వరు రాసిపెట్టిన రెండు సమయాల మధ్య పది సెకన్ల తేడా.

రెండోది, సగం చేయడం, ఒకసారి ఒక్కటే మార్చడం. పదకొండు మార్పులు ఒకేసారి చేసినవాడికి తప్పు పోయినా ఏది మందో తెలియదు, పోకపోయినా ఏది విషమో తెలియదు. ఈ సంగతి పల్నాడు మిర్చి రైతుకు వేరే చెప్పక్కర్లేదు. 2021-22 సీజనులో కొత్తరకం తామర పురుగు పూతలో చేరి తోటల్ని ఊడ్చేసినప్పుడు, దిక్కుతోచక ఒకే డ్రమ్ములో రెండు మూడు మందులు కలిపి కొట్టిన చేలున్నాయి. కలిపి కొట్టాక పురుగు తగ్గితే మళ్లీ ఏ మందు కొనాలి? తగ్గకపోతే ఏది మానాలి? అమ్మాయి ఎనిమిదిని పన్నెండు చేసినప్పుడు ఇంకేదీ ముట్టుకోలేదు. వెనక్కి తిప్పి మళ్లీ చూసింది. తప్పును పిలిస్తే వచ్చేలా, పొమ్మంటే పోయేలా చేసుకోగలిగినప్పుడే దాని కారణం చేతికి చిక్కినట్టు.

మూడోది, ఎక్కడ పరీక్షించాలన్నది. డెవలప్‌మెంట్ వాతావరణం అంటే ఖరీదైన యంత్రాలేమీ కాదు. తప్పు జరిగినా ఎవరికీ నష్టం లేని చోటు, అంతే. ఒక ల్యాప్‌టాప్, అందులో ఒక నమూనా సర్వరు, ఒక నకిలీ ఫోను, ఉత్తుత్తి లెక్కలు చాలు. అయితే ఆ చోటు అసలు చోటును పోలి ఉండాలి. మేడగదిలోని వైఫైలో మూడు టిక్కీలు సరిగా పడితే, కొండచాటు కల్లంలో అరవై సరిగా పడతాయని హామీ లేదు. కల్లంలోని కష్టాన్ని గదిలోకి తెచ్చుకోవాలి, పోయే సిగ్నలుతో, ఆగే జవాబుతో, మధ్యలో ఆరిపోయే ఫోనుతో సహా. గదిలో చేసిన తప్పును కల్లంలోకి పోనివ్వకూడదు.

ఇది యాపులు రాసేవాళ్లకే చెప్పిన నీతి కాదు. రేషను దుకాణంలో వేలిముద్ర పడకపోయినా, ఆసుపత్రిలో జ్వరం తగ్గకపోయినా, ఊరి ట్యాంకు నిండకపోయినా, ముందుగా వినిపించే ప్రశ్న “తప్పెవరిది?” అని. ఆ ప్రశ్నకు జవాబు వెంటనే దొరుకుతుంది, ఎందుకంటే మనుషులు ఎప్పుడూ అందుబాటులో ఉంటారు. కుర్రాడు బటను నొక్కినవాడి మీద నేరం మోపాడు. ఆ నొక్కినవాడికి ఏ పాపమూ తెలియదు. “తప్పెక్కడ?” అన్న ప్రశ్నకు జవాబు దొరకడం ఆలస్యం. గట్టు దిగి వెనకవైపు చూడాలి, తుంగ పీకాలి. చివరి మడి తడిసేది ఆ రెండో ప్రశ్నతోనే.

కాబట్టి చదువరులారా, మీ చేతికి చెడిన పని ఏది వచ్చినా, బాగుచేసే ముందు అది చెడుతుండగా ఒక్కసారి కళ్లారా చూడండి. చూడనిదాన్ని ముట్టుకోకండి. బాగుచేశాక, మీరు బాగుచేసింది తీసేసి తప్పు తిరిగొస్తుందో లేదో చూడండి. తిరిగిరాకపోతే మీరు పూడ్చింది పగులే, బొరియ ఇంకా అక్కడే ఉంది.